పుప్పొడి పంపకం: పూలు ఎలా పిలుస్తాయి, ఎంత దాచుకుంటాయి?

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే బ్రిటన్‌లో ఉన్న చాలామందికి ముక్కు కారడం, కళ్ళు దురద పెట్టడం మొదలవుతుంది. కారు అద్దాల మీద సన్నని పసుపచ్చ పొడి పేరుకుంటుంది. బర్చ్, ఓక్, పైన్ చెట్లు, ఆ తరువాత గడ్డి జాతులు గాలిలోకి వదిలే పుప్పొడి అది. గాలిని నమ్ముకున్న మొక్కలు లెక్క చూసుకోవు. కోట్ల రేణువులు వదిలితే ఏ ఒక్కటో సరైన పువ్వును చేరుతుంది. ఈ వ్యాసం ఆ మొక్కల గురించి కాదు. తేనెటీగనో, తుమ్మెదనో, బంబుల్‌బీనో నమ్ముకుని పుప్పొడిని ఆచితూచి ఖర్చుపెట్టే పూల గురించి.

అసలు చిక్కు ఎక్కడ?

పుప్పొడి రేణువు పువ్వులోని మగ బీజకణాలను మోసుకెళ్ళే డబ్బా లాంటిది. అది అదే జాతికి చెందిన పువ్వు కీలాగ్రం మీద పడితేనే కాయ, విత్తనం. కదలలేని మొక్క ఈ పనికి కీటకాన్ని కూలికి పెట్టుకుంటుంది. ఆ కూలి మకరందం అని మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. అది సగం నిజమే. మకరందం చాలావరకు చక్కెర నీళ్ళు. తేనెటీగల జాతులు పిల్లల్ని పెంచాలంటే మాంసకృత్తులు కావాలి. అవి వాటికి దొరికేది పుప్పొడిలోనే. మొక్కను బట్టి పుప్పొడిలో మాంసకృత్తులు 2 శాతం నుంచి 60 శాతం దాకా ఉంటాయి.

ఊరి నుంచి అమ్మ పంపిన సున్నుండల పార్సిల్‌ని కొరియర్ కుర్రాడే దారిలో తినేస్తే ఎలా ఉంటుంది? పువ్వు పరిస్థితి సరిగ్గా అదే. మోసుకెళ్ళవలసిన సరుకు, మోసేవాడి ఆహారం, రెండూ ఒకటే.

ఈ తినేయడం ఏ స్థాయిలో ఉంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు 2006లో 41 జాతుల ఐరోపా తేనెటీగలను పరిశీలించారు. వాటిలో 85 శాతం జాతులకు ఒక్క పిల్లను పెంచడానికి 30కి మించిన పువ్వుల మొత్తం పుప్పొడి కావలసి వచ్చింది. కొన్నింటికి వెయ్యికి పైగా పూలు కావాలి. గంట ఆకారపు పూలు పూసే కాంపాన్యులా జాతి మొక్క ఒకదాని మీద 2005లో వచ్చిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. దాని పుప్పొడిలో 95 శాతం దాకా ఈగలు పిల్లల కోసం పట్టుకుపోగా, పరాగ సంపర్కానికి పనికి వచ్చినది 4 శాతం లోపే.

మరీ గట్టిగా దాచుకుంటే ఈగ రాదు. చేతికి ఎముక లేకుండా పంచితే విత్తనం రాదు. ఈ రెండింటి మధ్య పువ్వు దారి ఎలా వెతుక్కుంది అన్నదే మన ప్రశ్న.

డార్విన్ అడిగిన గింజలు

ఈ ప్రశ్నకి చక్కని సమాధానాల్లో ఒకటి లండన్ శివార్లలోని ఒక ఇంటితో ముడిపడి ఉంది. అది బ్రోమ్లీ పరిధిలోని డౌన్ గ్రామంలో ఉన్న డౌన్ హౌస్. చార్లెస్ డార్విన్ 1842 నుంచి చనిపోయేవరకు అక్కడే ఉన్నారు. ఇప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ ఆధీనంలో ఉంది, టిక్కెట్టు కొని చూసి రావచ్చు.

1860ల మొదట్లో డార్విన్‌ని ఒక సందేహం పట్టుకుంది. మెలాస్టొమా కుటుంబపు మొక్కల్లో ఒకే పువ్వులో రెండు రకాల కేసరాలు ఉంటాయి. కొన్ని పొట్టిగా, మెరిసే పసుపు రంగులో. కొన్ని పొడుగ్గా, వేరే రంగులో. ఒకే పువ్వుకి రెండు రకాలు ఎందుకు? రెండింటి పుప్పొడినీ విడివిడిగా వాడి విత్తనాలు పట్టించి పోల్చి చూశారు. ఏళ్ళ తరబడి ప్రయత్నించినా తృప్తికరమైన జవాబు దొరకలేదు.

1881లో జర్మనీకి చెందిన హెర్మన్ ముల్లర్ 'నేచర్' పత్రికలో ఒక ఊహ ప్రతిపాదించాడు. పొట్టి కేసరాలు ఈగకి భోజనం పెట్టేవి, పొడుగు కేసరాలు ఈగ ఒంటికి గుట్టుగా పుప్పొడి అంటించేవి. అంటే ఒకే పువ్వులో వంటిల్లు వేరు, పోస్టాఫీసు వేరు అన్నమాట.

మరుసటి ఏడు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జేమ్స్ టాడ్ అనే ప్రొఫెసర్ రెండు మొక్కల పూల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఒకటి సొలానమ్ రోస్ట్రాటమ్, అంటే మన వంకాయకి దాయాది అయిన ఒక ముళ్ళ మొక్క. రెండోది మన తంగేడుకి చుట్టమైన ఒక కాసియా. సొలానమ్ పువ్వులో నాలుగు పొట్టి పసుపు కేసరాలు, ఒకే ఒక పొడుగు కేసరం ఉంటాయి. ఆ పొడుగు కేసరం ఒక పక్కకి వంగితే కీలం రెండో పక్కకి వంగుతుంది. కొన్ని పూలు కుడిచేతివి, కొన్ని ఎడమచేతివి. ఈగ పొట్టి కేసరాల్ని పట్టుకుని తింటూ ఉంటే పొడుగు కేసరం దాని ఒంటికి ఒక పక్కన పుప్పొడి పూస్తుంది. తరువాతి పువ్వు ఎదురు చేతిదైతే సరిగ్గా అక్కడే కీలాగ్రం తగులుతుంది.

ఈ వ్యాసం చదివిన డార్విన్ 1882 ఏప్రిల్ 10న టాడ్‌కి ఉత్తరం రాశారు. ఆ మొక్క గింజలు కొన్ని పంపగలరా, పెంచి ప్రయోగాలు చేసుకుంటాను అని ఆయన కోరిక. ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశారు. 73 ఏళ్ళ వయసులో, గుండె జబ్బుతో బాధపడుతూ, ఇంకో తొమ్మిది రోజులే మిగిలి ఉండగా కూడా ఆయన మనసు ఇరవై ఏళ్ళనాటి ప్రశ్న మీదే ఉంది!

ఆ ప్రయోగాలు పూర్తిగా జరగడానికి నూరేళ్ళు దాటింది. 2008లో మెలాస్టొమా మీద, 2009లో అదే సొలానమ్ రోస్ట్రాటమ్ మీద వచ్చిన ఫలితాలు ముల్లర్ ఊహ సరైనదేనని చూపించాయి. పొడుగు కేసరాల పుప్పొడే ఇతర పూల కీలాగ్రాలకి ఎక్కువగా చేరుతోంది.

మన తంగేడు, మన వంకాయ

ఈ ఏర్పాటు చూడడానికి అయోవా దాకా వెళ్ళక్కరలేదు. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడులో అది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పువ్వుని ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు దగ్గరగా చూడండి. పది కేసరాలూ ఒకే తీరుగా ఉండవు. పైన ఉన్నవి వట్టివి, మధ్యలోవి పొట్టివి, కింద ఉన్నవి పొడుగ్గా వంపు తిరిగి ఉంటాయి. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. ఈగకి దక్కే కూలి పుప్పొడి ఒక్కటే. అందుకే పంపకం అంత జాగ్రత్తగా ఉంది.

ఇంకో విశేషం ఏమిటంటే తంగేడు, వంకాయ, బంగాళాదుంప పూలలో పుప్పొడి బయటికి కనబడదు. చాలా పూలలో పరాగకోశం నిలువునా పగిలి పుప్పొడిని ఆరబోస్తుంది. వీటిలో మాత్రం కోశం చివర చిన్న రంధ్రం ఉంటుంది, అచ్చం ఉప్పు చల్లుకునే డబ్బా లాగా. టమాటాలో కోశాలన్నీ కలిసి గొట్టంలా ఏర్పడి అదే పని చేస్తాయి. డబ్బాని ఊపాలి, అప్పుడే రాలుతుంది.

ఊపడం అందరికీ చేతకాదు. తుమ్మెద, బంబుల్‌బీ లాంటివి కేసరాలను దవడలతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రం సెకనుకి రెండు మూడు వందలసార్లు అదిరిస్తాయి. అప్పుడు జుయ్యిమని వచ్చే చప్పుడు మామూలుగా ఎగిరేటప్పటి చప్పుడు కన్నా పదునుగా ఉంటుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. ఇలా రంధ్రాలతో పుప్పొడిని కట్టడి చేసే మొక్కలు ప్రపంచంలో 20 వేల జాతులకు పైనే ఉన్నాయి.

ఒకసారి ఊపితే డబ్బా ఖాళీ అవదు, కొంచెమే రాలుతుంది. ఎందుకు? 1989లో లారెన్స్ హార్డర్, జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రజ్ఞులు దీనికి లెక్క కట్టారు. ఒంటి మీద పుప్పొడి ఎంత ఎక్కువ పడితే ఈగ అంత శ్రద్ధగా దువ్వుకుని మూట కట్టేస్తుంది. కొద్దిగా పడితే పట్టించుకోదు. కాబట్టి ఈగలు బాగా వచ్చే చోట అంతా ఒకరికే ఇవ్వకుండా చాలామందికి కొంచెం కొంచెం పంచడం లాభం. ఈగలు అరుదైతే వచ్చినవాడికే అంతా ఇచ్చి పంపడం మేలు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఇది చక్కని రేట్ లిమిటింగ్!

బ్రిటన్‌లో గ్రీన్‌హౌస్‌లోనో అలాట్‌మెంట్‌లోనో వంగ, టమాటా వేసుకునే మనవాళ్ళకి ఇది పనికివచ్చే సంగతి. పువ్వు వచ్చి రాలిపోతోందంటే ఎరువు తక్కువైందనే అనుకోనక్కరలేదు. తలుపులు మూసిన గాజు ఇంట్లోకి బంబుల్‌బీ రాలేదేమో చూడండి. పగటిపూట తలుపు తెరిచి పెట్టండి. లేదా ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని పువ్వు తొడిమకి క్షణం సేపు ఆనించండి. 1980ల చివరలో బెల్జియం, నెదర్లాండ్స్‌లలో బంబుల్‌బీ పెట్టెల వ్యాపారం మొదలయ్యేదాకా పెద్ద టమాటా తోటల వాళ్ళు కూడా కరెంటుతో అదిరే పరికరాలే వాడేవారు. వంగలో ఇంకో కారణం కూడా ఉంటుంది. కీలం పొట్టిగా ఉన్న వంగ పూలు ఎలాగూ కాయవు, వాటి గురించి దిగులు పడకండి.

వాన నుంచి, ఎండ నుంచి

పుప్పొడికి దొంగలు ఈగలే కాదు. నీళ్ళు తగిలితే చాలా జాతుల పుప్పొడి ఉబ్బి పగిలిపోతుంది. వానలకి పేరుపడ్డ ఈ దేశంలో ఇది చిన్న సమస్య కాదు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఆంటన్ కెర్నర్ 1873లోనే పుప్పొడి రక్షణ మీద గ్రంథం రాశాడు. అనుకోని అతిథులను పూలు ఎలా ఆపుతాయో వివరించిన ఆయన మరో పుస్తకం 1878లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దానికి ముందుమాటగా డార్విన్ ఉత్తరాన్నే వేశారు.

కెర్నర్ చెప్పినవి మన చుట్టూ కనిపిస్తాయి. జనవరి, ఫిబ్రవరిల్లో పూసే స్నోడ్రాప్, ఏప్రిల్, మే నెలల్లో అడవి నేలంతా నీలం పరిచే బ్లూబెల్ తల వంచుకుని ఉంటాయి. రేకులే వాటికి గొడుగు. క్రోకస్, తులిప్ పూలు ఎండ వెచ్చగా తగిలితే విచ్చుకుంటాయి, చల్లబడితే ముడుచుకుంటాయి. పచ్చికలో డైసీ పువ్వు సాయంత్రానికి మూసుకుంటుంది. ఈగలు తిరిగే వేళకి కొట్టు తెరవడం, అవి రాని వేళకి మూసెయ్యడం! చైనా శాస్త్రజ్ఞులు 2009లో 80 జాతులను పోల్చి చూసినప్పుడు ఒక పొందిక కనిపించింది. గొడుగు ఉన్న పూల పుప్పొడి నీటికి తట్టుకోలేనిది, గొడుగు లేని కొన్ని పూల పుప్పొడి నీటికి బాగా తట్టుకునేది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా పుప్పొడికి హాని చేస్తాయి. చాలా పూల రేకుల్లో ఈ కిరణాలను పీల్చుకునే వర్ణకాలు ఉంటాయి. అవి మన కంటికి కనబడవు, తేనెటీగకి కనబడతాయి. అంటే ఒకే రంగు ఒకవైపు పుప్పొడికి రక్ష, మరోవైపు ఈగకి దారి చూపే బోర్డు. 2020లో అమెరికా శాస్త్రజ్ఞులు 1941 నుంచి 2017 దాకా సేకరించి ఎండబెట్టిన 42 జాతుల పూలు 1,238 పరిశీలించారు. సగటున ఈ వర్ణకం ఏటా 2 శాతం చొప్పున పెరిగింది. అయితే కేసరాలు బయటికి కనిపించే పూలలో ఓజోన్ తగ్గిన చోట వర్ణకం పెరిగింది. రేకుల లోపల పుప్పొడి దాగి ఉన్న పూలలో వేడి పెరిగిన చోట వర్ణకం తగ్గింది. కిరణాలను పీల్చుకుంటే లోపల వేడెక్కిపోతుంది కదా! వాతావరణం మారితే ఈగలు పువ్వుని గుర్తించే రంగు కూడా మారుతుందన్నమాట.

ముళ్ళు, మందు, విషం

కొన్ని పూలు పుప్పొడిని బాహాటంగా పెట్టి, అది మూట కట్టడానికి వీలు లేకుండా చేస్తాయి. మందార, బెండ, పత్తి ఒకే కుటుంబం. వీటి పుప్పొడి రేణువులు పెద్దవి, ఒళ్ళంతా ముళ్ళు. ఇదే కుటుంబానికి చెందిన హాలీహాక్ ఇంగ్లిష్ తోటల్లో గోడల వారన ఏపుగా పెరుగుతుంది. వేసవిలో దాని నుంచి బయటికి వచ్చే బంబుల్‌బీని గమనించండి. ఒళ్ళంతా పిండిలో పొర్లినట్టు ఉంటుంది, కాళ్ళకి ఉండే బుట్టలు మాత్రం ఖాళీ. ముళ్ళ వల్ల పొడి ముద్దగా అతుక్కోదని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ శాస్త్రజ్ఞులు 2015లో చూపించారు.

బ్రూమ్ అనే పసుపు పూల పొదది మరో పద్ధతి. బంబుల్‌బీ వాలగానే పువ్వు ఫట్‌మని విచ్చుకుంటుంది. పొట్టి కేసరాలు పొట్ట మీద, పొడుగు కేసరాలు వీపు మీద పుప్పొడి కొడతాయి. ఈగ ఎంత దువ్వుకున్నా వీపు మధ్య, నడుము దగ్గర కాళ్ళకి అందని చోట్లు మిగిలిపోతాయి. చాలా పూలు సరిగ్గా అక్కడే పుప్పొడి పూసి, తరువాతి పువ్వులో సరిగ్గా అక్కడే కీలాగ్రాన్ని తాకిస్తాయని 2017లో వచ్చిన పరిశోధన చెబుతోంది.

ఇక విషం సంగతి. మే నెలలో పచ్చికబయళ్ళ నిండా కనిపించే బటర్‌కప్ పుప్పొడి కొన్ని ఈగల పిల్లలకి పడదు. మట్టితో గూడు కట్టుకునే రెండు దగ్గరి జాతుల మేసన్ ఈగల మీద 2011లో ఒక ప్రయోగం జరిగింది. ఒక జాతి పిల్లలు బటర్‌కప్ పుప్పొడి తిని బతికాయి, ఎకియమ్ పుప్పొడితో చచ్చిపోయాయి. రెండో జాతికి సరిగ్గా తలకిందులు. ఒకరి పరమాన్నం ఇంకొకరికి విషం! క్యూ గార్డెన్స్, గ్రీనిచ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లూపిన్ జాతి పుప్పొడిలో ఉండే ఆల్కలాయిడ్ మీద 2014లో ఫలితాలు ప్రకటించారు. అది కలిసిన పుప్పొడి తిన్న బంబుల్‌బీ గూళ్ళలో మగ ఈగలు తక్కువగా, చిన్నవిగా పుట్టాయి.

ఇదే రసాయన విద్యను పిలవడానికి కూడా వాడుకోవచ్చు. కాఫీ, నిమ్మ జాతి పూల మకరందంలో అతి కొద్దిగా కెఫీన్ ఉంటుంది. ఆకులోనూ గింజలోనూ ఉండే మోతాదు పురుగులకి చేదు, విషం. మకరందంలోని మోతాదు ఈగ నాలుకకి చేదు తెలియనంత తక్కువ. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డిన్ రైట్ బృందం 2013లో చేసిన ప్రయోగంలో, కెఫీన్ కలిపిన చక్కెర నీళ్ళు తాగిన తేనెటీగలు పూల వాసనను మరునాడు గుర్తుపట్టే అవకాశం మూడు రెట్లు పెరిగింది. అరకు కాఫీ తోటలో ఈగ మళ్ళీ అదే పువ్వుకి రావడంలో కాఫీ మహిమ కూడా కొంత ఉందన్నమాట!

మనకేమిటి సంబంధం?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఏ ఒక్క పువ్వూ ఈగకి పూర్తి భోజనం పెట్టదు. పెట్టకుండా ఉండడంలోనే దాని బతుకు ఉంది. ఒకటి తక్కువ రాలుస్తుంది, ఒకటి ముళ్ళు పెడుతుంది, ఒకటి కాస్త విషం కలుపుతుంది. అయినా ఈగలు ఇన్ని కోట్ల ఏళ్ళుగా బతుకుతున్నాయంటే దానికి ముఖ్య కారణం చుట్టూ రకరకాల పూలు ఉండడం. చాలా జాతుల ఈగలు అనేక పుప్పొడులు కలిపి పిల్లలకి పెడతాయి. ఒకదానిలోని లోటు మరొకటి తీరుస్తుంది, ఒకదానిలోని విషం మరొకదానితో పలచబడుతుంది.

ఆ రకరకాల పూలే ఇప్పుడు కరవయ్యాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో పూలతో నిండిన పచ్చికబయళ్ళు 1930ల నుంచి 97 శాతం పోయాయి. మే నెలలో మోటర్‌వేకి రెండు పక్కలా కనిపించే పసుపచ్చని రేప్‌సీడ్ పొలం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అది కొన్ని వారాల విందు, ఆ తరువాత ఈగలకి ఆ పొలంలో పస్తు. బ్రిటన్‌లో సుమారు 270 జాతుల తేనెటీగలు ఉన్నాయి. వాటిలో తేనె ఇచ్చేది ఒకటే, బంబుల్‌బీలు 24, మిగిలినవి దాదాపు అన్నీ ఒంటరిగా గూడు కట్టుకునేవి. వీటిని తేనెపట్టు పెట్టెలు కాపాడలేవు, పూలే కాపాడాలి.

ఇంటి వెనక పది అడుగుల స్థలం ఉన్నవాళ్ళు చేయగలిగినవి కొన్ని:

ఒకటి, ముద్ద పూల కన్నా రేక పూలు నాటండి. ముద్దమందారంలో, ముద్ద గులాబీలో అదనపు రేకులు కేసరాలు మారి ఏర్పడినవే. చూడడానికి నిండుగా ఉంటాయి, ఈగకి అందులో దొరికేది తక్కువ.

రెండు, ఒకే రకం పది మొక్కల కన్నా వేర్వేరు కుటుంబాలవి, వేర్వేరు నెలల్లో పూసేవి వేయండి. ఫిబ్రవరిలో క్రోకస్, వసంతంలో బ్లూబెల్, వేసవిలో ఫాక్స్‌గ్లోవ్, బోరేజ్, హాలీహాక్, శరదృతువులో ఐవీ ఉంటే ఏడాదిలో చాలా నెలలు గడిచిపోతాయి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈగలకి పనికివచ్చే మొక్కల జాబితాను ఉచితంగా అందిస్తోంది.

మూడు, పూత మీద ఉన్న మొక్కకి పురుగుమందు కొట్టకండి. పువ్వు తన విషాన్ని తులం లెక్కన కొలిచి పెడుతుంది. మన సీసాకి ఆ లెక్క తెలియదు.

నాలుగు, కొత్తిమీర, ముల్లంగి, ఆవ మొక్కలు ముదిరి పూతకి వస్తే వెంటనే పీకెయ్యకండి. నాలుగు మొక్కలు వదిలెయ్యండి. గింజలు మనకి, పుప్పొడి వాటికి.

ఇంగువ తిరగమోత పెట్టిన గుత్తి వంకాయ కూర తింటున్నప్పుడు ఎవరికీ పరాగకోశాలు గుర్తుకు రావు. కానీ ఆ కాయ వెనక, పుప్పొడిని పట్టుకుని ఉన్న ఒక పువ్వూ, దాన్ని ఊపడం తెలిసిన ఒక ఈగా చాలాసార్లు ఉంటాయి. పూలు తమ లెక్క సరిగ్గానే చూసుకుంటున్నాయి. ఈగలకి ఆ లెక్క గిట్టుబాటు అయ్యేలా చుట్టూ పదిరకాల పూలు ఉంచడం మన వంతు.